రోగశయ్యయొద్ద దాంపత్యధర్మము

(కార్తిక సోమవారమున శివాలయ ప్రాంగణమున చేసిన ప్రసంగ పాఠము)

శ్రీ గురుభ్యో నమః. శ్రీ మహాగణాధిపతయే నమః.

 

ఈ కార్తిక మాసమున ప్రతి సోమవారము ఒక్కొక్క ధర్మమును గూర్చి ప్రసంగములు ఏర్పరచిన ధర్మకర్తలు, నేడు దాంపత్యధర్మమును గూర్చి చెప్పుమని మమ్ము ఆదేశించిరి. ఈ విషయమున శాస్త్రములు చెప్పినది అపారము. ఎనిమిదవ యేట పాఠశాలలో చేరినది మొదలు మేము ఆ మంత్రములను వల్లించుచునే యున్నాము. ఎందరో వధూవరులచేత ఏడడుగులు నడిపించితిమి. అయినను ఆ యేడడుగులకు అర్థమేమో మాకు తెలిసినది డెబ్బది యేండ్లు నిండిన పిమ్మట, ఒక వైద్యశాలలో, మా సహధర్మచారిణి మంచము ప్రక్కన. నేడు దానినే మీతో మనవి చేయదలచితిమి. ఇందు మా గొప్ప యేమియు లేదు. మా తప్పులే యెక్కువగా కలవు.

సప్తపదిలో మొదటి అడుగు అన్నమునకు, రెండవది బలమునకు, మూడవది వ్రతమునకు, నాలుగవది సుఖమునకు, ఐదవది పశుసంపదకు, ఆరవది ఋతువులకు, ఏడవది హోత్రములకు అని వరుడు పలుకును. ఏడవ అడుగు ముగిసిన పిమ్మట వధువును ఏమని సంబోధించును? దాసీ యని గాదు, శిష్యురాలా యని గాదు. సఖీ యని సంబోధించును. సఖ్యముతోనే ఆ తంతు ముగియుచున్నది. నలువది యెనిమిదేండ్ల సంసారమున మేము ఆ మాటను మంత్రముగా పలికితిమే కాని, మనస్సున పట్టించుకొనలేదు.

2018 శ్రావణమాసమున, వరలక్ష్మీవ్రతమునకు ముందు, మా ఇల్లాలి ముంజేతులపై నల్లని మచ్చలు కనబడినవి. గాజులు ఒరిసికొని కమిలినవని ఆమె చెప్పెను. పండ్లు తోముకొనునపుడు చిగుళ్లనుండి రక్తము వచ్చుచుండెను. వ్రతము గడచువరకు ఆ మాట ఎవరికిని చెప్పలేదు. వేదమున ఒక్క స్వరము తప్పినను పది బారల దూరమునుండి పట్టుకొను మేము, ఒకే ఇంట నుండి ఆ మచ్చలను రెండు వారములు చూడలేదు. ఇది మా మొదటి తప్పు.

రక్తపరీక్ష చేయించిన నాడే హైదరాబాదునకు తీసికొనిపొమ్మనిరి. ఆరోగ్యవంతుల రక్తమున లక్షన్నరకు తగ్గకుండ ఉండవలసిన ప్లేట్‌లెట్లు ఆమెకు పండ్రెండు వేలు మాత్రమే యుండెను. తెల్లకణములు మాత్రము పదునాలుగు వేలు. అక్కడ మజ్జను తీసి పరీక్షించి, రక్తపు కేన్సరులలో నొకటియైన ఎక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకీమియా యని నిర్ణయించిరి. ల్యుకీమియా యన గ్రీకు భాషా పదముల ననుసరించి తెల్లని నెత్తురు అని యర్థము. జర్మను వైద్యుడు విర్కో 1847లో ఆ పేరు పెట్టెను. మజ్జలో పుట్టిన తెల్లకణములు పక్వము కాకుండనే లెక్కకు మించి పెరిగి, తక్కిన కణములకు చోటు లేకుండ చేయుట ఈ వ్యాధి స్వభావము.

మాకు మనుమరాలి వయస్సు గల ఒక డాక్టరమ్మ మమ్ము కూర్చుండబెట్టి చెప్పెను: "తాతగారూ, ఈ జబ్బు మొదటి వారాల్లో చాలా ప్రమాదం. మెదడులో రక్తస్రావం కావచ్చు. ఆ గండం గడిస్తే మాత్రం, ఈ జాతి జబ్బుల్లో ఇంత బాగా నయమయ్యేది మరొకటి లేదు. పరీక్షలన్నీ వచ్చేదాకా ఆగను. మందు ఈ రాత్రే మొదలుపెడతాను."

మొదటి మందు విటమిన్ ఏ నుండి పుట్టినది. అది చెడుకణములను చంపుటకంటె, వానిని పక్వమొనర్చును. పక్వమైన కణము తన పని తాను చేసి, కాలము తీరిన పిమ్మట తానే రాలిపోవును. ఈ మాట విన్నప్పుడు మాకు మా గురువుగారు స్ఫురించిరి. మొండివటువును పాఠశాలనుండి వెళ్లగొట్టక, కూర్చుండబెట్టి, చదివించి, మనుష్యుని చేయుట వారి పద్ధతి. చైనా దేశమున షాంఘై నగరపు వైద్యుడు వాంగ్ ఝెన్‌యీ 1985లో ఈ మందును ఒక చిన్న బాలికకిచ్చి బ్రతికించెను.

రెండవ మందు పేరు విని మేము లేచి నిలుచుంటిమి. అది ఆర్సెనిక్, అనగా పాషాణము! మన రసశాస్త్రమున గౌరీపాషాణమని చెప్పబడిన విషమే. చైనాలోని హార్బిన్ వైద్యులు 1970ల నుండి దీనిని పరిశీలించిరి. 2000లో అమెరికా ప్రభుత్వము దీనికి అనుమతి నిచ్చెను. నరమునుండి మెల్లగా ఎక్కింతురు. గుండె లయ తప్పకుండ మాటిమాటికి ఇ.సి.జి. తీయుదురు, రక్తములోని లవణములను సరిచూచుదురు. బంధువులారా, ఒక్క మాట. ఆ మోతాదునకు, ఆ శుద్ధికి, ఆ కాపలాకు లోబడినప్పుడే అది మందు. అంగడిలో దొరకు పాషాణమును, పొట్లములను ఎవరును నమ్మవలదు. అది కేవలము మరణమే.

డాక్టరమ్మ ఒక కాగితమును మా ముందుంచి సంతకము చేయుమనెను. మీకు క్షీరసాగరమథన కథ తెలియును. హాలాహలము పుట్టినపుడు పరమేశ్వరుడు దానిని మ్రింగుటకు ముందు పార్వతీదేవి అభిప్రాయము నడిగెను. ఆ తల్లి అంగీకరించెను. మ్రింగువాడు భర్త, మ్రింగునది విషము. అయినను ఆమె ఎట్లు ఒప్పుకొనెను? తన మంగళసూత్రమును ఎంతగా నమ్మినదో యని పోతనామాత్యుడు తన భాగవతము అష్టమ స్కంధమున ఆశ్చర్యపడెను. ఆ ఘట్టమును మేము ఎన్ని సభలలో వ్యాఖ్యానించితిమో లెక్క లేదు. ఆ దినమున పాత్రలు తారుమారయినవి. మ్రింగవలసినది భార్య, ఒప్పుకొనవలసినది భర్త. మా చేయి వణికెను.

అంతట ఆమె మంచముపైనుండి పలికెను: "మీరెందుకండీ అంత ఆలోచిస్తారు? ఆ అమ్మాయి కళ్లలోకి చూశాను. తెలిసే చెబుతోంది. కాగితం నాకివ్వండి, నేనే పెడతాను." అట్లే తానే సంతకము చేసి, తరువాత మాచేత చేయించెను. ఏడవ అడుగునందలి సఖి మాట వినుట మాకు అదియే మొదలు.

ఇచ్చట మన గోదావరి తీరమునకు సంబంధించిన ఒక మాట స్మరింపవలెను. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, సన్యసించి రామకృష్ణ మిషనులో చేరవలెనని తలచి, తుదకు వైద్యవిద్య నభ్యసించి అమెరికా చేరిరి. లెడర్లీ ప్రయోగశాలలో వారి బృందము తయారుచేసిన మందులతోనే, 1948లో బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తకేన్సరు సోకిన బాలురయందు వ్యాధి తాత్కాలికముగా తగ్గుటను లోకమునకు చూపెను. ఆ బృందము నుండియే వచ్చిన మెథోట్రెక్సేట్ అను మందును మా ఇల్లాలు తరువాతి రెండేండ్లు సేవించెను. వారు సన్యసించి యుండినచో ఎందరి ఇండ్లలో దీపములు ఆరిపోయెడివో! తపస్సు అడవులలోనే యుండునని అనుకొనరాదు.

ఇక పరిచర్య విషయము. వైద్యశాలలో మాకు అప్పగించిన పనులు చిన్నవి: ఉదయము బరువు తూచుట, జ్వరము చూచుట, త్రాగిన నీటిని, వచ్చిన మూత్రమును కొలిచి వ్రాయుట. ఘనపాఠమున పదము ముందు వెనుకలయినచో మంత్రము చెడినట్లే, ఇందు అంకె చెడిన ప్రాణము చెడునని తలచి వ్రాసితిమి. తొమ్మిదవ నాటికి ఆమె బరువు నాలుగు కిలోలు పెరిగెను. ఆహారము లేని మనిషికి బరువెట్లు పెరుగును? ఊపిరి కూడ బరువుగా నుండెను. వెంటనే చెప్పితిమి. పక్వమగుచున్న కణముల వలన ఊపిరితిత్తులలో నీరు చేరు ఉపద్రవము ఈ చికిత్సలో కలదట. అప్పటికప్పుడు స్టెరాయిడ్ మందు నిచ్చిరి. మా పుస్తకము ఆ దినము పనికివచ్చెను.

ఆ స్టెరాయిడ్ వలన ఆమెకు నిద్ర లేదు, కోపము మెండు. నోట పుండ్లు. పప్పులో ఉప్పు లేదని గిన్నెను త్రోసివేసెను. ఎన్నడు మాకు ఎదురు చెప్పని మనిషి! మేము చిన్నబుచ్చుకొని వరండాలో కూర్చుంటిమి. నర్సు వచ్చి, "అది మందు కోపం, తాతగారూ, అమ్మ కోపం కాదు" అనెను. ఆమె మా గిన్నెలను ఎన్ని యేండ్లు సహించెనో యని తలచుకొని మరల లోపలికి పోతిమి.

ఇప్పుడు మా పెద్ద తప్పును చెప్పవలెను. వ్యాధి బలముగా నున్నందున దౌనోరూబిసిన్ అను ఎర్రని మందును కూడ ఇచ్చిరి. మూత్రము ఎర్రనైనపుడు రక్తమని ఆమె బెదరెను. అది మందు రంగేనని ముందే చెప్పియుండవలసినది మేము, చెప్ప మరచితిమి. ఆ మందు తరువాత మంచి తెల్లకణములు కూడ పడిపోయినవి. పచ్చివి పెట్టవద్దు, పూవులు తేవద్దు, మరగింపని నీరు చుక్కయైనను వద్దు అని డాక్టరమ్మ ఖండితముగా చెప్పెను. మాకు లోలోపల రోషము కలిగెను. ఈశ్వరుని అభిషేక తీర్థమునకు కూడ నిషేధమా? నాస్తికులకేమి తెలియునని తలచితిమి. మరునాటి ప్రదోషవేళ ఆలయమునుండి కొమ్ముచెంబులో తీర్థము తెచ్చి, నర్సు బయటకు పోయిన సమయము చూచి, ఒక ఉద్ధరిణెడు ఆమె నోటిలో పోసితిమి. దొంగవలె పోసితిమి.

ఆ మరునాటి రాత్రి నూటరెండు డిగ్రీల జ్వరము వచ్చెను. రక్తపుపోటు పడిపోయెను. మూడు దినములు ఐ.సి.యు.లో నుంచిరి. తలుపు బయట కూర్చుండి మేము రుద్రము చెప్పబోతిమి. డెబ్బది యేండ్లలో మొదటిసారి అనువాకము మధ్యలో తడబడితిమి.

తెల్లవారిన పిమ్మట డాక్టరమ్మ యొద్దకు పోయి జరిగినది చెప్పితిమి. ఆమె కోపగింపలేదు. "తాతగారూ, జ్వరం ఆ తీర్థం వల్లే వచ్చిందని చెప్పలేను. ఈ స్థితిలో వాళ్ల పేగుల్లో ఉండే క్రిములే చాలు. కానీ ఏ మందు వెయ్యాలో తేల్చుకోవడానికి నాకు నిజం తెలియాలి. ఇకమీదట నాకు చెప్పకుండా ఏదీ ఇవ్వకండి" అనెను. నాల్గవ నాడు మా ఇల్లాలు గదికి తిరిగి వచ్చి, నెమ్మదిగా ఇట్లనెను: "తీర్థమని మీరు పోశారు, పుచ్చుకున్నాను. మీ మాట కాదనడం నాకెప్పుడు అలవాటు? ఈసారి మాత్రం ముందు నన్నడగండి."

ఈ మాటకు మా యొద్ద సమాధానము లేదు. తీర్థమునందు దోషము లేదు. భక్తియందు దోషము లేదు. అడుగకుండ పోసిన మా అహంకారమునందే దోషము. సఖియైన వానికి సఖుడు దాచి ఏమియు చేయడు. ఈశ్వరుని తీర్థమును మనస్సుననే స్వీకరింపవచ్చునని, మానసపూజకు ఏ వైద్యుడును అడ్డుచెప్పడని, మేమే పదిమందికి బోధించియుంటిమి గదా! నాటినుండి మా మడి యేదో మాకు తెలిసినది. సబ్బుతో చేతులు కడుగుకొనుట, మూతికి గుడ్డ కట్టుకొనుట, జలుబు కలవారిని గడప దాటనీయకుండుట, వేడివేడిగా వండినదే పెట్టుట. శుచియన నేమో జీవితమంతయు చెప్పిన మనము, దానిని వైద్యుడు చెప్పినపుడు అలుగుట తగునా?

రక్తము విషయము కూడ చెప్పవలెను. మొదటి వారములలో ఇంచుమించు దినము విడిచి దినము ప్లేట్‌లెట్లు ఎక్కింపవలసి వచ్చెను. అవి ఐదు దినములకు మించి నిలువ యుండవు. కావున దాతలు వచ్చుచునే యుండవలెను. మా బంధువులలో వయసు మీరిన వారే యెక్కువ. ఊరు పేరు తెలియని కళాశాల విద్యార్థులు వచ్చి, గంటకు పైగా సూది గుచ్చుకొని పడుకొని, ఇచ్చిపోయిరి. వారిలో అన్ని కులములవారును, ఇతర మతములవారును ఉండిరి. ఒక బంధువు టెలిఫోనులో, "ఎవరి రక్తమో ఏమో, విచారించారా?" అని అడిగెను. "విచారించితిమి. గ్రూపు సరిపోయినది" అని చెప్పితిమి. ఆ మాట మా నోట ఎట్లు వచ్చెనో మాకే తెలియదు. ఒక యువకుడు మా పాదములకు నమస్కరింపబోగా, మేమే అతనికి చేతులు జోడించితిమి. నేడు మా ఇంట మంగళహారతి పట్టు చేతులలో ఆ పిల్లల ఋణము ప్రవహించుచున్నది.

వెంట్రుకలు రాలినపుడు ఆమె మొదటిసారి ఏడ్చెను. సుమంగళికి ఇది అశుభమని ఎవరో అన్న మాట ఆమె చెవిన బడెను. మేము ఇట్లు చెప్పితిమి: "తిరుమల కొండపై ఎందరు సుమంగళులు తలనీలాలు ఇచ్చుచున్నారో చూడలేదా? స్వామి వచ్చి పుచ్చుకొన్నాడనుకో." ఆమె కన్నీటితోనే నవ్వి, కుంకుమ భరిణె అడిగెను.

ముప్పది ఆరు దినములకు ఇంటికి వచ్చితిమి. ఆ పిమ్మట నెలల తరబడి, వారమునకు ఐదు దినములు పాషాణపు మందు, మధ్యమధ్య విరామము. అటుపైన రెండేండ్లు మాత్రలు. సుబ్బారావుగారి మందు వారమునకు ఒక్క దినమే మ్రింగవలెను; పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. మేము పంచాంగమున శనివారములకు ఎర్రసిరాతో గుర్తులు పెట్టితిమి. నిత్యము అగ్నిని పూజించిన మేము, పొయ్యి వెలిగించుట డెబ్బదవ యేట నేర్చుకొంటిమి. మెత్తని అన్నము, పెసరకట్టు, కాచి చల్లార్చిన నీరు. మొదటి అడుగు అన్నమునకు, రెండవది బలమునకు అని నాడు పలికిన మాటకు ఇదియే అనుష్ఠానము.

అన్నియు మేమే చేయవలెనను పట్టుదల కూడ ఒక తప్పే. కోడలు వచ్చెదనన్నను వద్దంటిమి. మా రక్తపుపోటు మాత్రలు మరచి ఒకనాడు స్నానాల గదిలో పడిపోతిమి. అప్పుడు రోగియైన ఆమె మాకు నీళ్లు తెచ్చెను! పరిచర్య చేయువాడు తినవలెను, నిద్రింపవలెను, ఇతరుల చేయి అందుకొనవలెను. ఇది స్వార్థము గాదు.

కడపటి మాట. అన్నిటికంటె కష్టమైన మాట. మా ప్రక్క గదిలో ఒక ఇల్లాలు తన భర్తకు మాకంటె పది రెట్లు సేవ చేసెను. ఉపవాసము లుండెను. అతని వ్యాధి వేరు జాతిది; మందులకు లొంగలేదు. అతడు పోయెను. ఆమెతో ఎవరో, "సావిత్రి యముణ్ణే గెలిచింది కదమ్మా" అనిరి. ఆ మాట కత్తివలె ఆమెను కోసినది, మేము చూచితిమి. భక్తులారా! సావిత్రి కథ చెప్పుట ధైర్యము కొరకు. భర్తను పోగొట్టుకొన్న తల్లిని తూచుటకు గాదు. మా ఇల్లాలు బ్రతికినది మా వేదము వలననో, మా పుణ్యము వలననో యని మేము అనినచో, ఆ తల్లి సేవ తక్కువదని అనినట్లగును. అట్టి మాట మా నోట రాకుండుగాక! పూర్వజన్మ కర్మమని రోగి మంచముయొద్ద పలుకువారు కర్మ సిద్ధాంతమును ఎరుగనివారే. కర్మ సిద్ధాంతము మన కర్తవ్యమును మనకు చెప్పుటకు ఉన్నది. ఎదుటివాని దుఃఖమునకు కారణము చెప్పుటకు గాదు. ఫలము ఈశ్వరాధీనము. సేవ మాత్రము మన చేతిలోనిది. ఆ సేవయందు ఆమెకును మాకును ఈశ్వరుని యెదుట భేదము లేదు.

కావున మీ యిండ్లలో ఎవరికైనను శరీరముపై కారణము తెలియని మచ్చలు, చిగుళ్లనుండి రక్తము, విడువని జ్వరము కనబడినచో వ్రతము గడవనిండని ఆగవలదు. వైద్యునికి ఏమియు దాచవలదు. ఆరోగ్యముగా నున్న యువకులు రక్తదానమును ఈ కార్తిక దీపదానముతో సమానముగా నెంచవలెను. రోగిని అడిగి చేయవలెను. అడుగక చేసినది ప్రేమయైనను పరిచర్య కాజాలదు.

మా సహధర్మచారిణి నేడు మీ మధ్య స్త్రీల వరుసలోనే కూర్చుండియున్నది. ఈ ప్రసంగమును చేయవచ్చునా యని ఆమెను ముందుగా అడిగితిమి. "తీర్థం సంగతి కూడా చెప్పండి, దాచకండి" అని ఆజ్ఞాపించెను. ఆమె ఆజ్ఞను పాటించితిమి.

గరళమును కంఠమున నిలిపి లోకమును కాచిన ఆ నీలకంఠుడు, దానికి అంగీకరించిన ఆ సర్వమంగళ, రోగశయ్యలపై నున్న వారిని, వారి ప్రక్కన మేలుకొనియున్న వారిని కాపాడుదురు గాక!

ఓం శాంతిః శాంతిః శాంతిః.